పులుసు ముందురోజే దించాల

చిరంజీవి చిన్నమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాసేది.

నేను మళ్ళా పొయ్యి దగ్గరికి పోతున్నానని అమ్మ ఫోన్లో చెప్పిందంట గదా. నిజమేనమ్మా. ఉగాది దాటినాక మన నెల్లూరు వీఆర్సీ గ్రౌండులో కొందరు కుర్రాళ్ళు వంటల పండగ పెడుతున్నారు. ఆ పిల్లలు ఇంటికొచ్చి, "మాస్టారూ, చేపల పులుసు మీ చేత్తోనే కావాల" అన్నారు. మొహమాటపడి ఒప్పుకున్నది కాదు, నాకే చెయ్యాలనుంది.

జనం ముందే వండి వేడివేడిగా పెడదామన్నారు. దానికి మాత్రం కుదరదన్నా. మన పులుసు ముందురోజు సాయంత్రం దించి, రాత్రంతా కదపకుండా ఉంచాల. వేడి మీద పులుసు రుచి పులుసుదే, ముక్క రుచి ముక్కదే. తెల్లారేసరికి ఉప్పూ పులుపూ లోపలిదాకా పట్టి, నూనె పైకి తేలుంటుంది. నెల్లూరి పేరు చెప్పి వేడి పులుసు పెడితే, తిన్నవాళ్ళు ఇంతేనా అనుకుని పోతారు. అది నేను ఓర్చలేను.

ఇంకో పేచీ గిన్నెల దగ్గర వచ్చింది. ఒకే పెద్ద డేగిసాలో కానిద్దామన్నారు. చేప పడ్డాక గరిటె పెట్టకూడదు, అంచులు గుడ్డతో పట్టుకుని గిన్నెనే తిప్పాల. డేగిసాను ఎవరు తిప్పుతారు? పైముక్కల బరువుకి అడుగువి చిదిగిపోతాయి. అందుకే వెడల్పాటి మట్టి దాకలు చెప్పాను, ఒక్కోదానికి ఐదు కిలోలకు మించకుండా.

చేప కొర్రమీనే. బతికున్నవే తెప్పించి, రాళ్ళుప్పేసి జిగురు పోయేదాకా రుద్దాల. పుల్లమామిడి కాపుకొచ్చింది కాబట్టి చింతపండు తగ్గిస్తా. మామిడి ముక్కలు ముందే వేస్తే కరిగిపోతాయి, చేప సగం ఉడికినాకే వెయ్యాల. మెంతులు, ఆవాలు, ధనియాలు వేయించి కొట్టిన పొడి దించబోయే ముందు. మెంతులు నేనే వేయిస్తా, ఒక్క క్షణం మాడినా దాకంతా చేదే. మిగతా పనులన్నీ ఆ పిల్లల చేతే చేయిస్తా. వాళ్ళకు ఈ పని చేతికి రావాలనే నా ఆశంతా.

మోకాళ్ళ గురించి దిగులు పడొద్దు. స్టూలు వేసుకుని కూచునే చేస్తా, అమ్మకు మాటిచ్చాను.

బెజవాడలో పొద్దున్నే పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి అందుకుంటావు. బుడ్డోణ్ణి కూడా తీసుకురా. కొర్రమీనుకు ముళ్ళు తక్కువ, వాడికి నేనే తినిపిస్తా. అల్లుడుగారికి సెలవు దొరుకుతుందేమో కనుక్కుని రాయి.

మీ నాన్న