దాచిపెట్టి ‘పోగొట్టాం’ అని బిల్లు రాస్తే ఎట్లా?

ఎడిటర్ గారికి,

మొన్న ఎండాకాలం హనుమకొండలో ఒక షాపులో మా కారుకు పాలిష్ చేయించాను. ఏడేళ్ల పాత బండి, అందులోనూ నల్లది, నల్ల కారు ఉన్నవాళ్లకు నా బాధ వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రం వెళ్లి తీసుకుంటే అద్దంలా ఉంది, బిల్లు మీద ‘స్క్రాచ్ రిమూవల్’ అని రాసి 6,000 తీసుకున్నారు, నేనూ సంతోషంగానే ఇచ్చాను. దసరా రోజు పూజ చేద్దామని కడిగి ఎండలో పెడితే ఏముంది, బానెట్ మీద సూర్యుడి చుట్టూ సాలెగూడు అల్లినట్టు పాత గీతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి!

షాపుకు పోయి అడిగితే పని చేసిన పిల్లగాడు ఉన్నమాట చెప్పాడు. “అన్నా, గీతలు తియ్యలే, సీలెంట్ కొట్టినం. కొన్ని నెలలే ఉంటది.”

సీలెంట్ అంటే బండి మెరవడానికి పైన పూసే పలచటి పూత. దాని మీద నాకు కోపం లేదు. రంగు పైన గాజులా ఉండే పొర, అదే క్లియర్ కోట్, దాని మందం సుమారు 40 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పలచన. గీతలు దాని మీదే పడతాయి. గీత అంచుల దగ్గర వెలుగు చెదిరిపోతుంది కాబట్టి మనకు తెల్లగా మెరుస్తుంది. గీతలు నిజానికి గుండ్రంగా ఏమీ ఉండవు, అన్ని దిక్కులకూ ఉంటాయి, వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి, అందుకే మనం పక్కకు జరిగితే ఆ గూడు కూడా మనతో జరుగుతుంది. సీలెంట్ ఆ సన్నటి సందుల్లో నిండుకుని పైభాగాన్ని నున్నగా చేస్తుంది, వెలుగు చెదరదు, గీత కనబడదు. వానలు, షాంపూలు, ఎండ కలిసి దాన్ని మెల్లమెల్లగా అరగదీస్తే మళ్లీ బయటపడుతుంది. గోరు తగిలితే ఆగేంత లోతు గీతకైతే సీలెంట్ ఏమీ చెయ్యలేదు.

నిజంగా తీసేయాలంటే కాంపౌండ్, అంటే అరగదీసే పేస్ట్ పెట్టి మిషన్‌తో రబ్బింగ్ చెయ్యాలి, అంటే ఆ కాస్త క్లియర్ కోట్‌నే ఇంకొంచెం అరగదియ్యాలి. పోయింది మళ్లీ రాదు. అందుకే పాత బండికి దాచడమే మేలని నేనూ ఒప్పుకుంటాను, కానీ దాచినదానికి తీసేసిన రేటు ఎందుకు కట్టాలి? రబ్బింగ్ అయ్యాక, సీలెంట్ వెయ్యకముందు, నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి ఫోన్ టార్చ్ వేసి చూపించమనండి. పాలిష్‌లోని నూనెలు పోతాయి, గీత ఉందో పోయిందో అక్కడే తేలిపోతుంది. షాపులవాళ్లు కూడా బిల్లు మీద ‘రబ్బింగ్’ అనో ‘సీలెంట్’ అనో ఏది చేస్తే అది రాయాలి.

తప్పంతా షాపుదే అనను. కరీంనగర్ నుంచి హుజూరాబాద్, ఎల్కతుర్తి మీదుగా వచ్చేసరికి బండి మీద వేలితో పేరు రాసేంత దుమ్ము ఉంటుంది. అందులో ఇసుక రేణువులుంటాయి, అవి క్లియర్ కోట్ కంటే ఎంతో గట్టివి. పొద్దున్నే పొడి గుడ్డతో దాన్ని రుద్దింది నేనే, ఏడేళ్లు! ముందు నీళ్లు కొట్టి దుమ్ము జారిపోయాక, మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలని ఇప్పుడు తెలిసింది.

దీపావళి ముందు ఇంకో షాపులో మళ్లీ సీలెంటే వేయించాను. బిల్లు మీద ‘సీలెంట్’ అనే రాయించుకున్నాను, 1,800 అయింది.

– ఒక పాఠకుడు, హనుమకొండ