ఫొటోకి ముందు బట్టల మాట: బరంపురం నుంచి మా స్టూడియో కబురు

మా దగ్గర ఫొటోలు తీయించుకునే అందరికీ నమస్కారం.

ఈ మధ్య ఒక షష్టిపూర్తి కుటుంబం ఫొటో మా చేతిలో పాడైంది. వాళ్ళు పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ ఫొటోలు కంప్యూటర్లో పెద్దవి చేసి చూసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు. తప్పు కెమెరాది కాదు, లైట్లదీ కాదు. ఏం కట్టుకుని రావాలో మేం ముందుగా చెప్పలేదు. చెప్పడం మా పని.

పదకొండు మంది వచ్చారు. మగవాళ్ళందరికీ ఒకే తాను సన్నగీతల చొక్కాలు, ఆడవాళ్ళందరికీ ఒకే రంగు చిలకపచ్చ సాటిన్ చీరలు. మనవలు ముచ్చటపడి కొన్నారు. నేనూ "భలే ఉన్నాయి" అన్నాను. తీరా చూస్తే చొక్కాల మీద రంగురంగుల అలలు తేలాయి. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు అలలు కనిపిస్తాయే, అదే సంగతి. కెమెరా లోపల సెన్సర్ మీద చుక్కలు వరసలుగా ఉంటాయి, గుడ్డ మీద గీతలూ వరసలే. ఆ రెండు వరసలూ దగ్గర దగ్గరగా కలిస్తే లేని అలలు పుడతాయి. దీన్నే మోయిరే అంటారు. ఒక్క చొక్కా అయితే దిద్దొచ్చు, ఐదు చొక్కాలు దిద్దితే గుడ్డ గుడ్డలా ఉండదు. ఇక ఆ చిలకపచ్చ సాటిన్ మీద పడిన వెలుగంతా తిరిగి మెడ మీదికీ గడ్డం కిందికీ కొట్టింది. పసుపు రాసుకున్న ముఖాలు కూడా వాడిపోయినట్టు కనిపించాయి.

ఇవన్నీ ఒక ఎత్తు. షష్టిపూర్తి చేసుకున్నాయన తల్లిగారు, ఎనభై దాటిన మామ్మగారు, గుడ్డసంచిలో తన పాత బరంపురం పట్టుచీర తెచ్చుకున్నారు. "ఇది కట్టుకోనా బాబూ?" అని నన్నే అడిగారు. "మామ్మా, అందరం ఒకటే కట్టుకున్నాం కదా" అంది మనవరాలు. నేను లైట్ స్టాండు బిగించుకుంటూ ఊరుకున్నాను. ఫొటోలో ఆవిడ ఎవరి చీరో అరువు కట్టుకున్నట్టు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నారు. నేను ఊరుకోకుండా ఉండాల్సింది.

డబ్బు తీసుకోకుండా మళ్ళీ తీస్తామని వాళ్ళింటికి వెళ్ళి అడిగాను. పెద్దమనసుతో వచ్చారు. ఈసారి మామ్మగారు ఆ పట్టే కట్టుకున్నారు. ముదురు ఎరుపు, అంచు మీద గుడి గోపురాల వరసలా మొనదేలిన నేత, మన ఊరివాళ్ళు ఫోడాకుంభ అనే రకం. మడతల దగ్గర జరీ కాస్త నల్లబడింది. అలాంటి జరీకి ఎదురుగా ఫ్లాష్ కొడితే తెల్లటి మచ్చలు పడతాయి. అందుకని లైటుకి పెద్ద గొడుగు తొడిగి పక్కకి జరిపాం. వెలుగు జరీ మీద జారింది, ముఖం మీద నిలిచింది. పైట కుచ్చు వేళ్ళతో సర్దుకుని, ఎవరూ చెప్పకుండానే వీపు నిటారుగా పెట్టి కూర్చున్నారు. నేను ఇన్నేళ్ళలో తీసిన ఫొటోల్లో అది ఎప్పుడూ దాచుకునేది.

రెండేళ్ళకోసారి మన ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణీ యాత్రలో వేషాలు కట్టినవాళ్ళు కూడా ఫొటోకి వస్తారు. వాళ్ళకి ఎలా నిలబడాలో చెప్పాల్సిన పని ఎప్పుడూ రాలేదు. తమది అనుకున్న బట్టలో మనిషి అలా నిలబడతాడని నా నమ్మకం.

అందుకే ఇకనుంచి ఫొటో రోజుకి రెండు రోజుల ముందే మీరు అనుకున్న బట్టల్ని మంచం మీద పక్కపక్కన పరిచి, పగటి వెలుగులో ఫోన్‌తో ఒక ఫొటో తీసి మాకు వాట్సాప్ చేయండి. చూసి చెబుతాం. అందరూ ఒకే రంగు కట్టక్కర్లేదు. రంగుల గాఢత దగ్గరగా ఉంటే చాలు. మామగారు పొందూరు ఖద్దరు, కోడలు ఒడిశా నేత సంబల్‌పురి చీర కట్టుకున్నా చక్కగా కలుస్తాయి. మన ఇళ్ళలో సగం అలా తెలుగూ ఒడియా కలిసిన కుటుంబాలేగా! ఒకరి మీద పెద్ద డిజైన్ ఉంటే పక్కవాళ్ళు సాదా కట్టుకుంటే చాలు. ముఖానికి దగ్గరగా ఉండే రంగు మాత్రం జాగ్రత్త: నియాన్ గులాబీ, చిలకపచ్చ వద్దు.

తెల్ల చొక్కాల గురించి చాలామంది అడుగుతున్నారు. పాస్‌పోర్ట్ ఫొటోకి వెనక తెలుపే ఉంటుంది కాబట్టి తెల్ల చొక్కాతో వస్తే భుజాలు గోడలో కలిసిపోతాయి, ముదురు రంగు వేసుకోండి. మామూలు ఫొటోకి తెలుపు పనికొస్తుంది. కానీ డిటర్జెంట్ పొడుల్లో తెలుపు మెరవడానికి కలిపే రసాయనం కొన్ని ఫ్లాష్‌ల వెలుగుకి నీలిగా మెరుస్తుంది, కెమెరా దాన్ని దాచదు. లేత గోధుమరంగో, మీగడ రంగో మేలు. నల్లకోటుతో వచ్చేవాళ్ళకి మేం నల్ల పరదా వేయం, జుట్టూ కోటూ చీకట్లో కలిసిపోతాయి. ఉద్యోగం ఫొటోకి కోటు అరువు తెచ్చుకునే కుర్రాళ్ళకి ఒక్క మాట: భుజం కుట్టు మీ భుజం ఎముక మీదే ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కోటు వద్దు, ఇస్త్రీ చేసిన చొక్కా చాలు.

గోపాల్‌పూర్‌లో తీయించుకునేవాళ్ళు సాయంత్రం రండి. సముద్రం మన తూర్పున ఉంది. దాన్ని వెనక పెట్టుకుని నిలబడితే పొద్దున సూర్యుడు వీపు వెనకుంటాడు, సాయంత్రం ముఖం మీద పడతాడు. గాలికి పైట నిలవదు, పిన్నులు ఎక్కువ తెచ్చుకోండి. ఎండలో నల్లబడే కళ్ళద్దాలుంటే మామూలువి కూడా తెండి.

స్టూడియోలో బట్టలు మార్చుకునే గదికి తలుపు, గొళ్ళెం, నిలువుటద్దం పెట్టాం. ఇస్త్రీపెట్టె ఉంది, డబ్బు తీసుకోం. ఒక్కో కుటుంబానికి అరగంట ఎక్కువ పడుతోంది కాబట్టి రోజుకి మూడు కుటుంబాలే తీసుకుంటున్నాం. అందువల్ల కుటుంబం ఫొటో ధర 1,200 నుంచి 1,400 రూపాయలైంది. ఇప్పటికే రోజు ఖాయం చేసుకున్నవాళ్ళకి పాత ధరే. మా పొరపాటు వల్ల బట్టలు నప్పక ఫొటో చెడితే మళ్ళీ ఉచితంగా తీస్తాం.

పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, ఏం కట్టుకోవాలని ఉందో వాళ్ళని ముందు అడిగి, ఆ చీరో పంచో కూడా మంచం మీద పరిచి ఫొటో పంపండి.