జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: వోచర్ ఆన్‌లైన్ల కొంటిమి, దుకాణంల చెల్లకపాయె

గౌరవనీయులైన నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం. ఆన్‌లైన్ల దుకాణాల వోచర్లు అమ్మే యాప్‌వాళ్లకు మెయిల్స్ పెట్టినం, ఒక ఆఫీసుల అర్జీ కూడ ఇచ్చినం, ఏడికెల్లి జవాబు లేదు, అందుకే నలుగురు చూసేటట్టు మీకు రాస్తున్న.

399 కడితే 500 రూపాయల వోచర్ అంటరు, కింద మన టౌన్ దుకాణాల పేర్లు పెడుతరు. తీరా బిల్లు కాడ కోడ్ కొడితే కాసేపు గుండ్రంగ తిరిగి చెల్లదని వస్తది. ఇంకోకాడ బిల్లు రెండు వేలు దాటాలె అంటరు, ఆ ముచ్చట కొనేటప్పుడు ఏడ కనిపించదు. యాప్‌వాళ్లేమో దుకాణంల అడుగుమంటరు, దుకాణమాయన యాప్‌ల అడుగుమంటడు, ఈలోపు గడువు అయిపోతది.

మా గల్లీల ఇండ్లల్ల పనిచేసే అక్క ఒకామె బతుకమ్మకు బిడ్డకు లంగా జాకెట్ తీస్కుందామని రెండు వోచర్లు కొన్నది, లైన్ల వెనకున్నోళ్లు తొందరపెడుతుంటే బట్టలు కౌంటర్ మీదనే ఇడిసిపెట్టి వచ్చింది. దుకాణదారులదే తప్పని కూడ అనలేం, యాప్‌ల తమ పేరున్న సంగతే కొందరికి తెల్వదట.

కన్స్యూమర్ కమిషన్‌కు పోవచ్చు, నిజమే, కానీ 399 కోసం కేసు ఎవరేస్తరు? యాప్‌వాళ్ల ధైర్యం గదే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 16వ సెక్షన్ కింద ఇట్లాంటి ఫిర్యాదుల మీద విచారణ చేసే అధికారం మీకున్నది. దయచేసి విచారణ జరిపించి, చెల్లని వోచర్ల పైసలు వాపస్ వచ్చేటట్టు, షరతులన్నీ కొనకముందే తెలుగుల కనిపించేటట్టు చూడాలె, అది కూడ దసరా లోపే.

ఇట్లు,
నల్లగొండ వాసి