దంత శిబిరం బృందానికి మా ఊరి తరఫున కృతజ్ఞతలు

రెండు రోజుల ఉచిత దంత వైద్య శిబిరం నిన్న సాయంత్రంతో ముగిసింది. గదులిచ్చిన హెడ్మాస్టరు గారికి, కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు వేసి కంప్రెసరు ఆగకుండా చూసిన కుర్రాళ్ళకి, డెంటల్ కాలేజీ నుంచి వ్యాన్‌తో సహా వచ్చిన బృందానికి కమిటీ నమస్కారాలు. డాక్టర్లు తమ పేర్లు రాయొద్దన్నారు, రాయం. చేసిన పని మాత్రం రాస్తాం. "పళ్ళ డాక్టరొచ్చాడంట" అని ఊరంతా అనుకున్నారు గానీ, వచ్చినవాళ్ళంతా ఒకే పని చేసేవాళ్ళు కారు.

దంతవైద్యం పన్ను దగ్గరే ఆగదు. చిగురు, దవడ ఎముక, నాలుక, బుగ్గ లోపలి పొర, అంగిలి, లాలాజల గ్రంథులు అన్నీ దాని కిందికే వస్తాయి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి పళ్ళ డాక్టరు చదువు బీడీఎస్ ఐదేళ్ళు. ఆపైన మూడేళ్ళ పై చదువు ఎండీఎస్, అందులో 9 విభాగాలు.

మొదటి బల్ల దగ్గర కూర్చున్నది నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ మేడమ్ గారు. పన్ను నొప్పని వచ్చినవాళ్ళకైనా కట్టుడు పళ్ళు తీయించి, నాలుక పైకెత్తించి, టార్చి వేసి నోరంతా చూశాకే పక్క బల్లకి పంపారు. మన ఉత్తరాంధ్ర తీరంలో అది ఎంత అవసరమో చెప్పాలి. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ అలవాటు పెద్దవయసు ఆడవాళ్ళలో ఇంకా ఉంది. గాలికి ఆరదు, పని చేసుకుంటూ తాగొచ్చు అంటారు. ఆ వేడి నేరుగా అంగిలికి తగులుతుంది. ముందు అంగిలి తెల్లబడి మందమవుతుంది, మధ్యలో ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి చిన్న లాలాజల గ్రంథుల నోళ్ళు. మామూలుగా పొగ తాగేవాళ్ళలో ఇలాంటి మార్పు మానేస్తే చాలావరకు తగ్గిపోతుంది. అడ్డపొగలో అలా తేలిగ్గా తీసుకోకూడదు. ఎర్రటి మచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే.

ఆ ముక్కని 10 శాతం ఫార్మలిన్‌లోనే వేయాలి. మంచినీళ్ళలో వేస్తే కుళ్ళిపోతుంది, స్పిరిట్‌లో వేస్తే ముడుచుకుపోతుంది. అప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టినా ఏమీ తేలదు. దాన్ని చూసి చెప్పేవారు ఓరల్ పాథాలజిస్టు. రోగి ఆయన్ని ఎప్పుడూ చూడడు, ఆయన మాట లేనిదే సర్జన్ కత్తి పట్టడు. శిబిరానికి రాకపోయినా మన నమస్కారాల్లో ఆయన వాటా ఆయనకుంది.

గుట్కా కుర్రాళ్ళని నిలువుగా మూడు వేళ్ళు నోట్లో పెట్టుకోమన్నారు. పట్టకపోతే బుగ్గలు బిగుసుకుపోతున్నట్టే. కారం తింటే నోరు మండడం అంతకంటే ముందొచ్చే గుర్తు.

పిల్లల డాక్టరమ్మకి తల్లులంతా రుణపడి ఉన్నారు. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే ఒక దవడ పన్ను వస్తుంది. ఊడలేదు కాబట్టి పాలపన్నే అనుకుని పుచ్చినా వదిలేస్తాం. అది జన్మంతా ఉండాల్సిన పన్ను. దాని గాడుల్లో ఆవిడ పుచ్చకుండా మూసే మందు, సీలెంట్, పోశారు: శుభ్రం చేసి, ఆసిడ్ జెల్ 15 నుంచి 20 సెకన్లు ఉంచి, కడిగి, సుద్దలా తెల్లబడేదాకా ఆరబెట్టి, మందు పోసి నీలం లైటు పెట్టారు. మధ్యలో ఉమ్మి తగిలితే అది అతుక్కోదు, మళ్ళీ మొదటికే. అందుకే పక్కన దూది చుట్టలు మారుస్తూ నిలబడ్డ అసిస్టెంటమ్మాయికీ సగం పుణ్యం. డాక్టరమ్మ చెప్పిన పేస్టు లెక్క: మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళదాకా బఠానీ గింజంత.

సర్జన్ గారు బీపీ, షుగరు చూడకుండా ఒక్క పన్నూ పీకలేదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు వాటిని సొంతంగా ఆపేయొద్దని గట్టిగా చెప్పారు. పన్ను తీయించుకున్నవాళ్ళు గుర్తుంచుకోండి: దూది అరగంటకి పైగా కొరికి పట్టాలి, ఆ రోజంతా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, చుట్ట ముట్టకూడదు. గుంటలో గడ్డకట్టిన నెత్తురు ఊడిపోతే లోపలి ఎముక బయటపడి, రెండు మూడు రోజులకి చెవిదాకా పోటు వస్తుంది. ఉప్పునీళ్ళు మర్నాటి నుంచే.

రూట్ కెనాల్ ఇక్కడ చేయలేదని కొందరు చిన్నబుచ్చుకున్నారు. చేయకపోవడమే మంచిదైంది. పంటి లోపలి నరం తీశాక ఎక్స్‌రే చూసి, పంటి వేళ్ళ కొసదాకా శుభ్రం చేసి మూయాలి. పై దవడ పంటి వేళ్ళలో నరముండే సన్నని కాలువలు మూడే అనుకుంటే తరచూ నాలుగోది దాక్కుని ఉంటుంది, అది తప్పిపోతే నొప్పి మళ్ళీ వస్తుంది. ఆ పని సగంలో వదిలేసేది కాదు.

చిగుళ్ళ డాక్టరు పళ్ళ మీది గార చెక్కినందుకు పళ్ళు కదులుతున్నాయన్నవాళ్ళకి ఒక మాట. ఎముక ముందే అరిగిపోయింది. ఇన్నాళ్ళూ గారే వాటిని పట్టి ఉంచింది.

కట్టుడు పళ్ళకి కొలత తీసిన గుజ్జు ఆరితే కుదించుకుపోతుంది, పళ్ళ సెట్టు పట్టదు. అందుకే టెక్నీషియన్ భోజనానికి కూడా లేవకుండా ఎప్పటికప్పుడు అచ్చులు పోశారు. ఇది తొలి కొలతే. ఇంకా నాలుగు సార్లు కాలేజీకి వెళ్ళాలి. ఎత్తుపళ్ళ పిల్లల్ని అక్కడి ఆర్థో (పళ్ళ వరస సరిచేసే) విభాగం చూస్తుంది.

ఇదంతా ముందే లెక్కగట్టి, ఏ బల్లకి ఎన్ని పరికరాల సెట్లు కావాలో, వాటిని ఆవిరితో క్రిములు లేకుండా చేసే ఆటోక్లేవ్ ఎప్పుడెప్పుడు తిప్పాలో రాసుకొచ్చింది పబ్లిక్ హెల్త్ విభాగం వాళ్ళు. ఒకరి నోట్లో పెట్టిన అద్దం కడిగి మరొకరి నోట్లో పెట్టడం ఈ రెండు రోజుల్లో ఒక్కసారీ జరగలేదు.

గులాబీ స్లిప్పు ఉన్నవాళ్ళు ముక్క పరీక్షకి వెళ్ళాల్సినవాళ్ళు, ఆలస్యం చేయొద్దు. స్లిప్పు పోతే ఆశా అక్క దగ్గర రిజిస్టరులో నంబరు ఉంది, అడిగి రాయించుకోండి.