బుజ్జి చదువు: న్యూయార్కా, లాస్ ఏంజెలెసా?

ఎడిసన్, న్యూజెర్సీ
ఏప్రిల్ 4

అక్కకు, బావగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గిందని విన్నాక మనసు కుదుటపడింది. మాత్రలు మానేయకుండా చూడు.

బుజ్జికి మాస్టర్స్‌కి అమెరికాలో రెండు యూనివర్సిటీల నుంచీ సీటు వచ్చిందని తెలిసినప్పటి నుంచి మా ఇంట్లోనూ అదే మాట. ఫోన్లో బావ ఒకటి అడుగుతుంటే నువ్వొకటి అడుగుతావు. ఆ మధ్యలో బుజ్జి ఏమంటుందో వినపడదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నింపాదిగా చదవండి, బుజ్జి చేత కూడా చదివించు.

నా మాట ముందే చెప్పేస్తాను. నేనైతే న్యూయార్క్ యూనివర్సిటీకే పంపుతాను. నేను దగ్గర్లో ఉన్నానని మాత్రం కాదు, ఆ సంగతి కింద రాస్తాను.

ముందు బావ అనుమానం. రెండూ ప్రైవేటు యూనివర్సిటీలే కదా, డబ్బు కడితే ఎవరికైనా ఇచ్చే సీట్లేమో అని ఆయన దిగులు. అలాంటిదేం లేదక్కా. ఇవి లాభాపేక్ష లేని సంస్థలు. న్యూయార్క్ యూనివర్సిటీ 1831లో మొదలైంది, లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ 1880లో. ఈ దేశంలో రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలైతే సొంత రాష్ట్రం పిల్లలకు ఒక ఫీజు, బయటివాళ్ళకు ఇంకో ఫీజు ఉంటుంది. ఇక్కడ అందరికీ ఒకటే. ఆ ఫీజే ఎక్కువ. రెండు చోట్లా కోర్సు మొత్తానికి 65 వేల డాలర్లు దాటుతుంది. తిండి, గది, ఇన్సూరెన్స్ కలిపితే లక్ష డాలర్లకు అటూ ఇటూ, అంటే మన డబ్బులో 80 లక్షల పైమాటే. రెంటి మధ్య ఫీజులో తేడా పెద్దగా లేదు కాబట్టి ఏది చవక అన్న లెక్కతో ఇది తేలదు. ర్యాంకుతో అసలే తేలదు. బావ చూసిన జాబితాలో ఇది పైన ఉంటే, ఇంజనీరింగ్ స్కూళ్ళ జాబితా ఇంకొకటి తీస్తే అది పైన ఉంటుంది.

మరి దేంతో తేల్చాలి? బుజ్జి చదవబోయేది సైబర్ సెక్యూరిటీ. అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

న్యూయార్క్ యూనివర్సిటీ అనగానే మాన్‌హాటన్‌లో వాషింగ్టన్ స్క్వేర్ ఫొటోలు చూపిస్తారు. బుజ్జి వెళ్ళేది అక్కడికి కాదు, నది దాటి బ్రూక్లిన్‌లో ఉన్న టాండన్ ఇంజనీరింగ్ స్కూలుకి. అది ఒకప్పుడు 1854లో పెట్టిన బ్రూక్లిన్ పాలిటెక్నిక్. 2014లో పూర్తిగా న్యూయార్క్ యూనివర్సిటీలో కలిసింది. మరుసటి ఏడు చంద్రికా టాండన్, ఆవిడ భర్త రంజన్ టాండన్ 10 కోట్ల డాలర్ల విరాళం ఇస్తే వాళ్ళ పేరు పెట్టారు. చంద్రిక గారు చెన్నైలో పుట్టి పెరిగిన మనిషి, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివారు. పెప్సీ కంపెనీని నడిపిన ఇంద్రా నూయీకి అక్క. ఈ సంగతి అమ్మకి చెప్పు, సంతోషిస్తుంది.

పోయినేడు బుజ్జి స్నేహితులతో కలిసి రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో పోటీ ఆడిందనీ, పొద్దున పరీక్ష పెట్టుకుని ఇదేం పిచ్చి అనీ నువ్వు ఫోన్లో విసుక్కున్నావు, గుర్తుందా? సీసా (CSAW) అని ఆ సైబర్ సెక్యూరిటీ పోటీ పేరు. ఆ పోటీ 2003లో పుట్టింది ఈ బ్రూక్లిన్ స్కూల్లోనే. నడిపేది అక్కడి విద్యార్థులు. బుజ్జి వెళ్తే ఆ ప్రశ్నలు తయారుచేసేవాళ్ళ పక్కన కూర్చుంటుంది. నాకు నచ్చిన మొదటి సంగతి ఇది.

అలాగని లాస్ ఏంజెలెస్‌ని తక్కువ చేయను. కంప్యూటర్ వైరస్ అన్నది ఒకటి సాధ్యమని 1983లో ఫ్రెడ్ కోహెన్ అనే విద్యార్థి చేసి చూపించింది ఆ యూనివర్సిటీలోనే. ఆయనకు పాఠం చెప్పిన లెనర్డ్ ఏడల్‌మన్, మనం బ్యాంకు లావాదేవీలకు వాడే ఆర్ఎస్ఏ సంకేత పద్ధతిని కనిపెట్టిన ముగ్గురిలో ఒకరు. అదే ఏడాది ఇంటర్నెట్‌లో వెబ్‌సైట్లకు పేర్లుండే ఏర్పాటును పాల్ మోకపెట్రిస్ రూపొందించింది కూడా ఆ యూనివర్సిటీకి చెందిన పరిశోధన సంస్థలోనే. అది క్యాంపస్‌లో కాకుండా సముద్రం ఒడ్డున మరీనా డెల్ రేలో ఉంటుంది. బుజ్జి పరిశోధన వైపు వెళ్ళి పీహెచ్‌డీ చేయాలనుకుంటే నేను ఈ ఉత్తరం ఇంకోలా రాసేవాణ్ణి. కానీ అది ఉద్యోగం చేస్తానంటోంది, అప్పు తీరుస్తానంటోంది.

ఇక్కడే అసలు చిక్కుంది, కొంచెం ఓపిగ్గా చదువు. ఈ చదువుకి అమెరికాలో ఉద్యోగాలు చాలా ఉన్నాయని అందరూ చెబుతారు. నిజమే. కానీ వాటిలో ఎన్నో మన పిల్లలు దరఖాస్తు కూడా చేయలేనివి. ప్రభుత్వ రహస్యాలతో ముడిపడిన పనికి సెక్యూరిటీ క్లియరెన్స్ అడుగుతారు, అది అమెరికా పౌరులకే ఇస్తారు. ఆయుధాలు, రాకెట్ల సమాచారం ఉన్నచోట కనీసం గ్రీన్ కార్డు అయినా ఉండాలంటారు. లాస్ ఏంజెలెస్ దక్షిణాన ఎల్ సెగుండో నుంచి రెడోండో బీచ్ దాకా ఉన్నవి ఎక్కువగా ఇలాంటి రక్షణ, అంతరిక్ష కంపెనీలే. న్యూజెర్సీకి రాకముందు మేం టోరెన్స్‌లో ఉన్నప్పుడు మా చుట్టుపక్కల సగం మంది వాటిలోనే పనిచేసేవాళ్ళు. ఆ ఉద్యోగ ప్రకటనలు పైనుంచి కిందిదాకా చదివితే మన పిల్లలకు అచ్చంగా సరిపోయినట్టే ఉంటాయి, చివర్న మాత్రం పౌరసత్వం తప్పనిసరి అని ఉంటుంది. వీసా మీద చదువుకుంటున్న తెలుగు పిల్లలు ఆ చివరి ముక్క చూసి కంప్యూటర్ మూసేయడం నేను దగ్గర కూర్చుని చూశాను.

అక్కడ వేరే కంపెనీలు లేవని కాదు. శాంటా మోనికా వైపు ఆటల కంపెనీలు, బర్‌బ్యాంక్‌లో సినిమా స్టూడియోలు ఉన్నాయి, వాళ్ళకీ సెక్యూరిటీ మనుషులు కావాలి. ఇక కాలిఫోర్నియా అంటే సిలికాన్ వ్యాలీ పక్కనే అని బావ అనుకుంటున్నారు. లాస్ ఏంజెలెస్ నుంచి శాన్ హోసే 500 కిలోమీటర్ల పైనే. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే దూరం కాదు.

న్యూయార్క్ తీరు వేరు. ఇక్కడ బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు ఎక్కువ. వాటిని చూసే రాష్ట్ర శాఖ 2017 మార్చి 1 నుంచి ఒక నిబంధన పెట్టింది. మరీ చిన్నవి కాని ప్రతి సంస్థా సైబర్ భద్రతకు బాధ్యుడైన అధికారిని పెట్టుకోవాలి, ఏటా లెక్క చెప్పాలి, పెద్ద దాడి ఏదైనా జరిగితే 72 గంటల్లో శాఖకు తెలియజేయాలి. దాంతో ఈ పని చేసేవాళ్ళు లేకపోతే ఆ సంస్థలకు గడవదు. నేను చేసేది కూడా బ్యాంకు పనే కాబట్టి దగ్గర నుంచి చూస్తున్నాను. ఈ ఉద్యోగాలకు వీసా ఉన్నవాళ్ళను తీసుకుంటారు. అందరూ తీసుకుంటారని చెప్పను, కానీ చట్టమే అడ్డు పడే పరిస్థితి ఉండదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, చదువయ్యాక బుజ్జికి ఉండే గడువు చిన్నది. ఉద్యోగం చేసుకోవడానికి ముందు 12 నెలల అనుమతి, సాంకేతిక చదువు కాబట్టి మరో 24 నెలలు. మొదటి 12 నెలల్లో మొత్తం మీద 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఆ తర్వాత ఉద్యోగ వీసాకి హెచ్1బీ లాటరీ. ఏడాదికి 65 వేల వీసాలు, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకు అదనంగా 20 వేలు. ఆ 20 వేలలోకి ఈ రెండు యూనివర్సిటీలూ వస్తాయి, అందులో తేడా లేదు. తేడా అంతా ఆ 90 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవడానికి ఎన్ని తలుపులున్నాయన్న దాంట్లోనే.

ఇప్పుడు ఉండటం సంగతి. ఇందులో లాస్ ఏంజెలెసే మేలు, దాచను. క్యాంపస్‌కి ఉత్తరాన, జెఫర్సన్ రోడ్డు దాటితే మన పిల్లలు నలుగురైదుగురు కలిసి ఇళ్ళు తీసుకుంటారు, క్లాసుకి నడిచి వెళ్ళొచ్చు. ఆ చుట్టుపక్కల అంత మంచి పేటేం కాదు, అందుకే వీధి మలుపుల్లో యూనివర్సిటీ తరఫున పసుపు జాకెట్ల కాపలావాళ్ళు నిలబడతారు. 2025 జనవరిలో టీవీలో చూసి నువ్వు హడలిపోయిన మంటలు కొండల వైపు వచ్చినవి, క్యాంపస్ దాకా రాలేదు. కాకపోతే ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఆ ఊళ్ళో కారు లేకుండా గడవడం కష్టం.

బ్రూక్లిన్‌లో కారు అక్కర్లేదు. కాలేజీ పక్కనే జే స్ట్రీట్ స్టేషన్, అక్కడ ఎ, సి, ఎఫ్, ఆర్ రైళ్ళు ఆగుతాయి, రాత్రంతా రైళ్ళుంటాయి. కానీ అద్దెలు భయంకరం. కాలేజీ చుట్టుపక్కల ఒక్క పడకగది ఇల్లు 3 వేల డాలర్లకు తక్కువ దొరకదు. అందుకే మన పిల్లలు చాలామంది హడ్సన్ నది ఇవతల జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ దగ్గర ముగ్గురు నలుగురు కలిసి ఉంటారు. అక్కడి నుంచి పాత్ (PATH) అనే రైల్లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దాకా వచ్చి, సబ్‌వే మారాలి. రెండూ వేర్వేరు సంస్థలు కాబట్టి రెండు టికెట్లు పడతాయి. ఈ ఖర్చు బుజ్జి లెక్కలో రాయలేదు, రాయమను. ఇంకోటి, న్యూయార్క్‌లో ఇల్లు ఇవ్వాలంటే నెల అద్దెకు 40 రెట్లు ఏడాది ఆదాయం చూపించమంటారు. చదువుకునే పిల్లకి ఎక్కడిది? హామీ సంతకం నేను పెడతాను, దానికి బావ మొహమాటపడొద్దు.

మా ఇంట్లోనే ఉంచుకోమని నువ్వు మీ మరదలితో అన్నావట. మాకు అంతకన్నా ఆనందం ఏముంటుంది? పై గది దానిదే. కానీ ఎడిసన్ నుంచి బ్రూక్లిన్‌కి రైలు, సబ్‌వే, నడక కలిపి పోనూ రానూ రోజుకి మూడున్నర గంటలు పోతుంది. ల్యాబులో రాత్రి తొమ్మిదయితే ఇంటికి చేరేసరికి పదకొండు. స్నేహితులతో కలిసి చదువుకోవడం, ఆ పోటీలకు తయారవడం అన్నీ పోతాయి. దాన్ని నా కళ్ళ ముందు పెట్టుకోవాలన్న ఆశతో ఆ రెండేళ్ళూ రైల్లో గడిపించడం నాకిష్టం లేదు. శనివారాలు వస్తుంది, జ్వరమొస్తే నేను వెళ్ళి తెచ్చుకుంటాను. నేనున్నానన్న ధైర్యం మీకుంటే చాలు, సీటు ఎక్కడన్నది మాత్రం నన్ను చూసి నిర్ణయించొద్దు.

డబ్బు గురించి బావతో నేరుగా ఒక మాట. పొలం తాకట్టు పెట్టి బ్యాంకులో చదువు అప్పు తీసుకుందామంటున్నారు. బావా, వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు చదువు అప్పుకి హామీగా తీసుకోవు. బకాయి పడితే ఆస్తిని స్వాధీనం చేసుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టం సాగు భూమికి వర్తించదు, అందుకని. ఇల్లు చూపిస్తే సరిపోవచ్చు. పొలం అమ్మే ఆలోచన మాత్రం దయచేసి పెట్టుకోకండి. చదువుతున్న రోజుల్లో కూడా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి నెలనెలా వడ్డీ వరకైనా కడితే మంచిది, అందులో సగం నేను పంపుతాను. ఆ వడ్డీ మీద ఎనిమిదేళ్ళ దాకా పన్ను తగ్గింపు ఉంది, పాత పన్ను విధానంలో ఉంటేనే. మీ ఆడిటర్‌ని అడగండి.

అక్కా, ఇదంతా చదివాక కూడా బుజ్జి లాస్ ఏంజెలెసే అంటే, ఎందుకో నాకు చెప్పమను. దాని కారణం బలంగా ఉంటే నేను మీ ఇద్దరి తరఫున కాదు, దాని తరఫున మాట్లాడతాను. ఆ క్లాసుల్లో కూర్చునేది అది, అప్పు తీర్చేదీ అదే. ఆదివారం రాత్రి మీకు తొమ్మిదింటికి ఫోన్ చేస్తాను. మొదటి అరగంట బుజ్జికే ఇవ్వండి.

ఇట్లు
నీ తమ్ముడు

తా.క.: సీటు ఖాయం చేసుకోవడానికి కట్టే డిపాజిట్ సాధారణంగా వెనక్కి ఇవ్వరు. రెండు చోట్లా కట్టేయొద్దు. టాండన్ పంపిన ఉత్తరంలో కోర్సు పేరు సైబర్ సెక్యూరిటీ అనే ఉందా, క్యాంపస్‌లో చదివేదేనా అని చూడమను. అదే కోర్సు ఆన్‌లైన్‌లో కూడా ఉంది, దానికి విద్యార్థి వీసా రాదు. రెండు ఉత్తరాలూ ఫొటో తీసి నాకు పంపించు.