నమోదు కాగితం కాటును ఆపుతుందా?

సంపాదకులకు,

ఇళ్లల్లో విదేశీ పాములు, ఇగ్వానాలు పెంచే సరదా గురించి మీ ఆదివారం పేజీలో వచ్చిన కథనం చదివి ఊరుకుందామనుకున్నాను, మనసొప్పలేదు. అరపేజీ ఫొటోలు వేసి, చివర్లో 'కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే చాలు' అని తేల్చేశారు. ఏం చాలు?

2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. నాలుగో షెడ్యూల్‌లోని ప్రాణి దగ్గరుంటే ప్రభుత్వానికి చెప్పాలని 49ఎం సెక్షన్ అంటుంది. 2024 ఫిబ్రవరి 28న నిబంధనలిచ్చి ఆరు నెలలు గడువు పెట్టారు. బాగుంది. కానీ ఆ షెడ్యూల్ సైటిస్ అనే, వన్యప్రాణుల వ్యాపారంపై దేశాల మధ్య కుదిరిన ఒప్పందం జాబితా. వ్యాపారం వల్ల ఏ జీవాలకు ముప్పు ఉందో అది చెబుతుంది, ఏ జీవం వల్ల మనిషికి ముప్పో చెప్పదు. అందుకే విషం లేని, భయమేస్తే ఉండ చుట్టుకుని తల దాచుకునే బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువకు నమోదు తప్పనిసరి. ప్రాణం తీసే విషమున్న ఆఫ్రికా పాము బ్లాక్ మాంబా మాత్రం ఆ జాబితాలోనే లేదు! దిగుమతికి అనుమతి కావాలి, నిజమే. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసులో వచ్చేవి ఎవరి అనుమతి అడిగాయి? చెన్నై విమానాశ్రయంలో దొరికినవే వార్తల్లోకి వస్తాయి. దొరకనివి ఎవరి మేడ మీద ఉన్నాయో!

కరిస్తే సంగతేమిటి? మన ఆసుపత్రుల్లో ఉండే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకే. ఆ నాలుగింటి విషం గుర్రాలకు ఎక్కించి తయారుచేస్తారు. ఆఫ్రికా మాంబాకో, అమెరికా గిలకపాముకో ఎన్ని వయల్స్ ఎక్కించినా దండగే. పైగా ఇంట్లోవాళ్లు కేసు భయంతో 'ఏదో పురుగు ముట్టింది' అంటారు. డ్యూటీ డాక్టరు వెంటిలేటర్ పెట్టి చూస్తూ కూర్చోవాలి.

బ్రిటన్‌లో 1976లోనే ప్రమాదకర జంతువుల చట్టం తెచ్చారు. అక్కడి జాబితాలో మాంబా ఉంది, కొండచిలువలు లేవు. పశువైద్యుడు వచ్చి చోటు చూశాకే స్థానిక సంస్థ లైసెన్సిస్తుంది. జంతువు చేసే నష్టానికి బీమా కట్టాలి. లైసెన్సు రెండేళ్లే.

ఇక్కడా చూడాల్సింది అదే. పాములు తప్పించుకునేది ఎక్కువగా జారుడు అద్దాల రెండు పలకల మధ్య సందులోంచి, లేదా బిగించని మూతలోంచి. పెట్టెకు తాళం, గాలి రంధ్రాలకు సన్న జాలీ, పైన పాము శాస్త్రీయ నామం ఉండాలి. గదిలో తూము, తలుపు కింది సందు మూయాలి. కోతి, పెద్ద పిల్లి జాతుల బోనుకు రెండు తలుపులు, ఒకటి మూస్తేగాని రెండోది తెరుచుకోకూడదు. విషసర్పమైతే దాని విరుగుడు ఏ ఆసుపత్రిలో నిల్వ ఉందో రాసివ్వలేనివాడికి అనుమతే ఇవ్వకూడదు.

ఇదంతా ఎవరు చూస్తారంటారా? పెంపుడు జంతువుల దుకాణాలకు 2018 నుంచే నిబంధనలున్నాయి, రిజిస్ట్రేషన్ లేనిదే అమ్మకూడదు. మీ వీధి దుకాణంలో ఆ పత్రం అడిగి చూడండి, ట్రేడ్ లైసెన్సు చూపిస్తారు, అదీ ఉంటే. కుక్కల లైసెన్సే పట్టించుకోని మునిసిపాలిటీలు మాంబా బోను కొలుస్తాయా!

రెండు రాష్ట్రాల అటవీ శాఖలూ ఇప్పటిదాకా ఎన్ని దరఖాస్తులు వచ్చాయో, వాటిలో ఎన్ని ఇళ్లకు వెళ్లి బోను చూశారో మీ పత్రిక ద్వారానే ప్రకటించాలి. మొదటి అంకె కంప్యూటర్లో ఉంటుంది. రెండోది చెప్పడానికి ఎంత సమయం కావాలన్నా తీసుకోమనండి.

– విశ్రాంత పశువైద్యుడు, ఏలూరు