మా ఊరి ఫిర్యాదు గ్యాస్ కంపెనీ రిస్క్ కమిటీ దాకా వెళ్లిందా? పెట్రోలియం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పెట్రోలియం, సహజ వాయువు శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. మా పొలాల కింద నుంచి వెళ్లే గ్యాస్ లైను గురించి కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం, కంపెనీ ఆఫీసులో ఇచ్చాం, మీ శాఖకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. ముట్టినట్టు కార్డులు వచ్చాయి గానీ జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా పంట బోదె (పొలాలకు నీళ్లు పారే చిన్న కాలువ) గట్టున పసుపు రంగు హెచ్చరిక బోర్డు ఉంది. ఉప్పుగాలికి రంగు ఊడి ఫోన్ నంబరులో చివరి అంకెలు పోయాయి. ఆ పక్కనే నీళ్లలో బుడగలు వస్తున్నాయి, కొన్ని రోజులు కిరసనాయిలు లాంటి వాసన కూడా. కుర్రాళ్లు వీడియో తీసి పంపితే ఒకాయన వచ్చాడు. గట్టు మీద నిలబడే చూసి, "ఇది బురదలో పుట్టే గ్యాసండీ, లైనుది కాదు" అన్నాడు. గ్యాస్ పసిగట్టే మీటరు పెట్టి చూడలేదు. అదే మాట కాగితం మీద రాసివ్వమంటే పైనుంచి ఆర్డరు రావాలన్నాడు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. సంతకం పెట్టడానికి వెనకాడే మాటని నమ్మి మేం ఎలా నిద్రపోవాలండీ?

కోనసీమలో ఈ టెన్షన్ ఊరికే పుట్టలేదు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మంట 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్ లైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ముందునుంచే వాసన వస్తోందని చెప్పామని ఆ ఊరివాళ్లు మొత్తుకున్నారు. పొడి గ్యాస్ కోసం వేసిన లైనులో నీళ్లు కలిసిన గ్యాస్ పంపారని, దాంతో తుప్పు పట్టిందని విచారణలో తేలింది. లైనులోకి ఎలాంటి గ్యాస్ వస్తోందో దాన్ని రోజూ నడిపేవాళ్లకు తెలియదా? తెలిస్తే ఆ మాట పైదాకా ఎందుకు వెళ్లలేదు? వెళ్తే ఎవరు పక్కన పెట్టారు?

షేర్ మార్కెట్లో లిస్టయిన పెద్ద కంపెనీలకు, ప్రమాదాలను ముందే పసిగట్టి చూసుకునే రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. అంతర్గత నియంత్రణల గురించి డైరెక్టర్లు ఏటా రాసివ్వాలని కంపెనీల చట్టం. ఇవి మీకు తెలియనివి కావు. ఆ కమిటీ బల్ల మీదికి మా బోదెలో బుడగల సంగతి ఒక్కసారైనా వచ్చిందా అన్నదే నా ప్రశ్న. లెక్కల్లో తేడా వస్తే ఆడిటర్ నిలదీస్తాడు. వాసన వస్తోందన్న ఫిర్యాదు మాయమైతే నిలదీసేవాళ్లెవరు?

దయచేసి ప్రతి ఫిర్యాదుకీ ఒక నంబరు ఇప్పించండి. ఎవరు వచ్చారు, ఏ పరికరంతో చూశారు, ఏం తేలింది అన్నది తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసులో అంటించాలి. తుప్పు పోను లైను గొట్టం మందం ఎంత మిగిలిందో చివరి తనిఖీలో తేలే ఉంటుంది కదా, అది మాకూ చెప్పాలి. ఊళ్లనుంచి వచ్చే ఫిర్యాదులు కిందిస్థాయి ఆఫీసులోనే ఆగిపోకుండా కంపెనీ డైరెక్టర్ల బోర్డు దాకా వెళ్లాలి. పరిహారం కోసం రాయడం లేదండీ. ఈ లైను పక్కనే మా పిల్లలు బడికి వెళ్తారు.

జవాబు తయారు కావడానికి టైము పడుతుందంటే పట్టనివ్వండి. ఈలోగా మీటరుతో ఒక మనిషిని మా బోదె దగ్గరికి పంపించండి.

ఇట్లు,
కోనసీమ కొబ్బరి రైతు